చౌక బేరం.. ఎవరికి భారం?

ఫ్యాన్లు, కుర్చీలు, కంప్యూటర్లు, కందిపప్పు, స్నాతకోత్సవం గౌన్లు.. యూనివర్సిటీ అంటే చదువుల గుడి మాత్రమే కాదు, పెద్ద కొనుగోలుదారు కూడా. ఆ డబ్బు ఎలా ఖర్చవుతుందన్న దాని మీద కరెంటు బిల్లు మొదలు నేతన్న కూడు దాకా ఎన్నో ఆధారపడి ఉంటాయి. ‘తక్కువకి వచ్చింది’ అని సంబరపడే ముందు ఆ తక్కువ ఎవరి లెక్కలో పడుతోందో చూడాలి. నందికొండ రాళ్లు ఆ పాఠం ఎప్పుడో చెప్పాయి.

నాగార్జునసాగర్ వెళ్లినవాళ్లంతా ముందుగా చూసేది గేట్లనే. 26 గేట్లలోంచి కృష్ణమ్మ తెల్లటి నురగలతో దూకుతుంటే కళ్లు తిప్పుకోలేం. ఫొటోలు దిగుతాం, చేపల వేపుడు తింటాం, వచ్చేస్తాం. ఈసారి వెళ్లినప్పుడు ఒక్క నిమిషం గేట్ల కిందున్న గోడని చూడండి. అది కాంక్రీటు కాదు. రాయి! సుమారు 124 మీటర్ల ఎత్తు, దాదాపు కిలోమీటరున్నర పొడవున రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ అది. రాతి కట్టడాల్లో ప్రపంచంలోనే పెద్ద ఆనకట్టగా దానికి పేరు.

ప్రాజెక్టుకి మొదట్లో ఉన్న పేరు కూడా నందికొండే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లలో ఏం జరిగిందో తెలుసా? అప్పట్లో దేశంలో సిమెంటుకి కటకట. పెద్ద పెద్ద యంత్రాలు కావాలంటే విదేశాల నుంచి తెచ్చుకోవాలి, దానికి విదేశీ మారకం లేదు. మరి మన దగ్గర ఏముంది? చుట్టూ కొండల నిండా రాయి ఉంది. పని కోసం ఎదురుచూస్తున్న చేతులు ఉన్నాయి. అందుకే కేఎల్ రావు లాంటి ఇంజినీర్లు రాతి ఆనకట్ట వైపు మొగ్గారు. వేలమంది కూలీలు తట్టలతో, కావళ్లతో రాళ్లు మోసి కట్టారు. ఆ కూలీల బతుకేమీ పూలపాన్పు కాదు. కానీ ఖర్చయిన డబ్బులో పెద్ద భాగం పరాయి దేశపు యంత్రాల కంపెనీకి కాకుండా కూలీగా ఇక్కడి ఇళ్లకే చేరింది.

అంటే నందికొండ దగ్గర ఆనాడు తీసుకున్నది ఇంజినీరింగ్ నిర్ణయం మాత్రమే కాదు. ‘ఏం కొనాలి, ఎవరి దగ్గర కొనాలి’ అన్న నిర్ణయం కూడా. దాని ఫలితం ఆరు దశాబ్దాలుగా నీళ్లని ఆపుతూ మన కళ్లముందే నిలబడి ఉంది.

ఇప్పుడా కథ ఎందుకంటే.. అదే మెట్టనేల మీద ఇప్పుడు రెండు యూనివర్సిటీలు ఉన్నాయి. నల్గొండలో 2007లో పెట్టిన మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో 2008లో పెట్టిన పాలమూరు యూనివర్సిటీ. సాగర్ కళ్లముందే ఉన్నా నీళ్లందని దేవరకొండ, మునుగోడు మెట్టల నుంచి, దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా కూలీకి వెళ్లిన పాలమూరు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు చదువుకునే చోట్లవి. చాలామంది ఇళ్లల్లో డిగ్రీ దాటి చదువుతున్న మొదటి తరం వాళ్లే. అలాంటి వర్సిటీ ఒక్కో రూపాయినీ ఎలా ఖర్చుపెడితే ఈ నేలకు మేలు? అదీ ప్రశ్న.

వర్సిటీ ఏం కొంటుంది?

పాఠాలకి డబ్బేం ఖర్చు అనుకుంటాం. ఒకసారి హాస్టల్ స్టోర్‌లోకి, ఎగ్జామినేషన్ బ్రాంచిలోకి తొంగిచూడండి. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, పప్పులు, కూరగాయలు. జవాబుపత్రాల కట్టలు, తెల్ల కాగితాల రీములు, ప్రింటర్ ఇంకు. ల్యాబుల్లో రసాయనాలు, గాజుసామాను. తరగతి గదుల్లో బెంచీలు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు. ఆఫీసుల్లో ఏసీలు, కంప్యూటర్లు. ఇవన్నీ వస్తువులు. ఊడ్చేవాళ్లు, తోటమాలులు, సెక్యూరిటీ గార్డులు, మెస్ సిబ్బంది, బస్సు డ్రైవర్లు.. వీళ్ల పనిని కూడా చాలాచోట్ల ఏజెన్సీల ద్వారా ‘కొంటున్నారు’. అది సేవల కొనుగోలు.

ఈ కొనుగోళ్లకి ఒక పద్ధతి ఉంది. విభాగం వాళ్లు ఫలానావి కావాలని ఇండెంట్ పెడతారు. చిన్న మొత్తమైతే కొటేషన్లు తెప్పిస్తారు, పెద్దదైతే టెండరు పిలుస్తారు. కొనుగోలు కమిటీ కూర్చుని చూస్తుంది. అడిగిన లక్షణాలు ఉన్నవాళ్లలో ఎవరు తక్కువకి ఇస్తామంటే వాళ్లకే ఆర్డరు. ఆఫీసు భాషలో దాన్నే ‘ఎల్-1’ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే టెండర్లని ఆన్‌లైన్లో పెట్టి దేశానికి దారి చూపించింది. చీకటి బేరాలకు అడ్డుకట్ట వేయాలన్నదే ఆ పద్ధతి ఉద్దేశం. మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే.. ఎల్-1 లెక్కలో కనిపించేది కొన్న రోజు ధర ఒక్కటే. ఆ తర్వాత పదేళ్లు అయ్యే ఖర్చు అందులో కనిపించదు.

నమ్మకం కలగడం లేదా? ఒక ఫ్యాన్ లెక్క చూద్దాం.

తిరిగే ఫ్యాన్.. పెరిగే బిల్లు

మామూలు సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్ల కరెంటు తింటుంది. బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాన్‌కి 30 వాట్ల దాకా చాలు. గాలి రెండింటిదీ ఒకటే. హాస్టల్ గదిలో రోజుకి 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగిందనుకుందాం. మొదటిది 270 యూనిట్లు కాలుస్తుంది. రెండోది 108. ఒక్కో ఫ్యాన్ మీద తేడా 162 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే ఏడాదికి దాదాపు 1,300 రూపాయలు!

కొత్తరకం ఫ్యాన్ ధర 1,500 రూపాయలు ఎక్కువనుకుందాం. టెండర్లో అది ఓడిపోతుంది. ఎందుకంటే అది ఎల్-1 కాదు. కానీ పద్నాలుగు నెలలు తిరిగేసరికి ఆ 1,500 తిరిగొచ్చేస్తాయి. అక్కడినుంచి ఫ్యాన్ పాడయ్యేదాకా మిగులే మిగులు. వెయ్యి ఫ్యాన్లున్న క్యాంపస్‌లో ఏడాదికి మిగిలేది దాదాపు 13 లక్షలు. ‘చౌకగా కొన్నాం’ అని ఫైలు మూసేసిన కమిటీ ఏటా అంత డబ్బుని గాలికి వదిలేసినట్లే.

మరి ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా.. ఎక్కువ ధరకి ఎందుకు కొన్నావని అడగరా? ఇక్కడే ఉంది కిటుకు. ఎక్కువ కోట్ చేసినవాణ్ని ఎంచుకోమని ఎవరూ చెప్పడం లేదు. ఇండెంట్లో ‘సీలింగ్ ఫ్యాన్’ అని రాస్తే వచ్చేది 75 వాట్లది. ‘ఇన్ని వాట్లకు మించకూడదు, ఇన్ని స్టార్లు ఉండాలి, ఇన్నేళ్లు వారంటీ కావాలి’ అని రాస్తే ఆ లక్షణాలున్న వాళ్లే పోటీకి వస్తారు. వాళ్లలో తక్కువ ధర చెప్పినవాడే ఎల్-1. నియమం అదే, ప్రశ్న మారింది. అంతే!

ఇదేమీ సొంత పైత్యం కాదు. కేంద్రప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి-2017 కరెంటు పరికరాలు కొనేటప్పుడు నిర్ణీత స్టార్ రేటింగ్ ఉన్నవే తీసుకోవాలని చెబుతోంది. రాష్ట్ర వర్సిటీలు తమ రాష్ట్ర నిబంధనల ప్రకారం నడుచుకుంటాయి కాబట్టి అది వాటిని నేరుగా కట్టిపడేయదు. కానీ చేయాలనుకున్నవాళ్లకి దారి చూపే పుస్తకమే. 2006లో మొదలైన స్టార్ లేబుల్ పథకంలో ఫ్యాన్లకి 2023 నుంచి లేబుల్ తప్పనిసరి అయింది. కాబట్టి ‘ఏది మంచిదో మాకెలా తెలుస్తుంది’ అనే వీల్లేదు. నక్షత్రాలు లెక్కపెడితే చాలు.

గౌను ఎవరు నేశారు?

స్నాతకోత్సవం రోజు వర్సిటీకి పెళ్లికళ వస్తుంది. నల్లగౌన్లు, నెత్తిన టోపీలు.. ఎండాకాలమైతే లోపల చెమటలు. ఆ గౌన్లలో ఎక్కువ భాగం సింథటిక్ బట్టవే. ఆంగ్లేయుల నాటి అలవాటు, ఎక్కడో మిల్లులో తయారైన బట్ట. యూజీసీ 2015లో ఒకసారి, 2019లో మరోసారి వర్సిటీలకు ఉత్తరాలు రాసింది. స్నాతకోత్సవం దుస్తులకు చేనేత వాడే సంగతి చూడమని. దేశంలో కొన్ని విద్యాసంస్థలు గౌనుని వదిలేసి చేనేత కండువాకి మారాయి కూడా.

ఈ మాట ఇంకెక్కడైనా సలహా. మన దగ్గరైతే ఇంటి సంగతి. నల్గొండ, పాలమూరు పాత జిల్లాల పటం తీసి మగ్గాలున్న ఊళ్ల మీద చుక్కలు పెట్టండి. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఒకవైపు. గద్వాల, నారాయణపేట మరోవైపు. పోచంపల్లి ఇకత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గద్వాల, నారాయణపేట చీరలకీ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో దక్కింది. ఇంత పేరున్న ఊళ్లలోనూ కొత్తతరం మగ్గం ఎక్కడం లేదు. చీరకి గిరాకీ పండగనీ పెళ్లినీ బట్టి ఉంటుంది, మిగతా రోజులు ఖాళీ. హైదరాబాద్‌లో ఏదో ఒక ఉద్యోగం నయమని వెళ్లిపోతున్నారు.

వర్సిటీ కొనే బట్ట చీరలు కాదు. హాస్టల్ దుప్పట్లు, గెస్ట్‌హౌస్ తెరలు, అతిథులకు కప్పే శాలువాలు, స్నాతకోత్సవం కండువాలు. ఇవన్నీ సాదా నేత. ఏటా ఒకే కొలత, ఒకే రంగు, ముందే తెలిసిన సంఖ్య. నేతగాడికి కావలసింది అదే! లెక్క వేసుకుందాం. రెండువేల కండువాలు, ఒక్కోటి రెండు మీటర్లు అంటే నాలుగువేల మీటర్లు. ఒక మగ్గం మీద రోజుకి నాలుగు మీటర్ల సాదా బట్ట వస్తుందనుకుంటే వెయ్యి పనిదినాలు. పది కుటుంబాలకి దాదాపు నాలుగు నెలల పని. వర్సిటీ బడ్జెట్లో కనిపించనంత చిన్న ఖర్చు. పది ఇళ్లల్లో మాత్రం పొయ్యి వెలిగే లెక్క. పైగా పట్టా పుచ్చుకున్న పిల్ల ఆ కండువాని ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటుంది. అద్దెగౌనుని ఎవరు దాచుకుంటారు?

ఒక జాగ్రత్త. ‘పోచంపల్లి డిజైన్’ అంటూ మిల్లు బట్ట మీద అచ్చేసినవి బజారు నిండా ఉన్నాయి. చేనేత అని రాసి మరమగ్గం బట్ట అంటగట్టే వాళ్లూ ఉన్నారు. అందుకే 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఉండాలని ఇండెంట్లో రాయాలి. నేరుగా సహకార సంఘం నుంచో, రాష్ట్ర చేనేత సహకార సంస్థ నుంచో తీసుకోవాలి.

సిరిసిల్ల చెప్పిన పాఠం

ఆర్డరు ఇవ్వడంతో పుణ్యం వచ్చేయదు. సిరిసిల్లని చూడండి. 2017లో బతుకమ్మ చీరల కోసం ప్రభుత్వం అక్కడి మరమగ్గాలకు పెద్ద ఆర్డర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. సాంచాలు కళకళలాడాయి. వలసెళ్లిన వాళ్లు కొందరు వెనక్కొచ్చారు. తర్వాత 2024లో ఆర్డర్లు ఆగి, పాత బకాయిలు అందక మళ్లీ సాంచాలు మూగబోయాయి. కార్మికులు రోడ్డెక్కారు. ఒకే కొనుగోలుదారుడి మీద ఊరంతా ఆధారపడితే, ఆ కొనుగోలుదారుడు చేయి వెనక్కి తీసుకున్న రోజు ఊరు కూలుతుంది.

అందుకే పద్ధతిగా కొనడమంటే మూడు మాటలు. ఆర్డరు చిన్నదైనా ఏటా ఉండాలి. ముందుగా చెప్పాలి. డబ్బు వేళకి ఇవ్వాలి. ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. పెద్ద కంపెనీ ఆర్నెల్లు బిల్లు రాకపోయినా తట్టుకుంటుంది. నూలు అప్పుకి తెచ్చుకున్న నేతసంఘం తట్టుకోలేదు. చిన్న పరిశ్రమల అభివృద్ధి చట్టం-2006 కూడా అదే చెబుతోంది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ! చట్టం ఉంది. దాన్ని చూపించి వర్సిటీ మీద దావా వేసే నేతగాడే ఉండడు, మళ్లీ ఆర్డరు రాదేమోనన్న భయంతో. కాబట్టి ఆ గడువుని గుర్తుపెట్టుకోవలసింది అమ్మేవాడు కాదు, కొనేవాడు.

కంచంలో జొన్నరొట్టె

హాస్టల్ మెస్‌లో రోజూ బియ్యమే. తప్పేం లేదు, సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరే పండుతుంది. కానీ కాలువ ఎక్కని మెట్టనేల సంగతేంటి? అక్కడి పంటలు జొన్న, కంది, ఆముదం, వేరుశనగ. వానని నమ్ముకుని పండేవి, తక్కువ నీళ్లతో గట్టెక్కేవి. తినేవాళ్లు తగ్గితే పండించేవాళ్లూ తగ్గుతారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సభలు జరిగాయి, బ్యానర్లు కట్టారు. మెస్‌లోకి జొన్నరొట్టె వచ్చిందా అన్నది అసలు పరీక్ష.

వారానికి రెండు రాత్రుళ్లు జొన్నరొట్టె, దానికి తోడు ఇక్కడి కందిపప్పు, పల్లీ చట్నీ. మొదటి వారం పిల్లలు గొణుగుతారు. రొట్టె చేయడం అన్నం వార్చినంత తేలిక కాదని వంటవాళ్లూ గొణుగుతారు. ఆ ఇబ్బంది నిజమే. రొట్టెలు చేసే పనిని దగ్గరి ఊరి మహిళా సంఘానికి అప్పగిస్తే? వాళ్లకి ఆదాయం, వంటశాలకి సుఖం. పప్పుని దళారీ దగ్గర కాకుండా రైతు సంఘం దగ్గర సీజన్లోనే మాట్లాడుకుంటే ధర కూడా కలిసొస్తుంది.

పెద్ద సంస్థ తలచుకుంటే ఏమవుతుందో తిరుమలలో చూశాం. కొండ మీద ప్లాస్టిక్ నీళ్లసీసాలు ఆపేశారు. లడ్డూల కోసం, మట్టిలో కలిసిపోయే సంచుల కౌంటర్‌ని 2021లో తెరిచారు. ఆ సంచుల్ని తయారుచేసే పద్ధతి హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఇచ్చింది. రోజూ అన్ని వేలమంది వచ్చే చోట సాధ్యమైనప్పుడు, ఆడిటోరియంలో రెండొందల మంది కూర్చునే సెమినార్‌లో సాధ్యం కాదా?

సీసాలో నీళ్లు.. పక్కనే కృష్ణ

నీళ్ల మాట వచ్చింది కాబట్టి.. నల్గొండకి నీళ్ల విలువ వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకర్లుపోయిన కాళ్లు, ముప్ఫయ్యేళ్లకే ముసలితనం వచ్చిన మనుషులు.. ఈ జిల్లా దశాబ్దాలపాటు మోసిన బాధ అది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ని తగ్గించే చౌక పద్ధతిని నాగ్‌పూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు వచ్చింది. ఆ పేరుతోనే అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంతో కృష్ణానీళ్లు ఆ పల్లెలకి చేరాయి.

ఇంత జరిగాక కూడా సభ అనగానే బల్ల మీద పావులీటరు ప్లాస్టిక్ సీసాలు వరుసగా పెడతాం. సగం తాగి వదిలేస్తాం. ఒకసారి కొని పడేసే సీసాల మీద ఏటా పెట్టే ఖర్చుతో క్యాంపస్‌లో నాలుగుచోట్ల మంచి ఫిల్టర్లు పెట్టి, నెలనెలా నీటి పరీక్ష చేయించి, ఫలితాన్ని గోడకి అంటించవచ్చు. పిల్లలకి నీళ్లంటే నమ్మకం కుదిరేది అప్పుడే. ప్లాస్టిక్ కప్పులు, పళ్లాలు, చెంచాలు, 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు కూడా. సీసా నిషేధంలో లేదు నిజమే. చట్టం ఆపలేదని మనం ఆపకూడదనేం లేదుగా?

మనిషి పనికి ఎల్-1 ఏమిటి?

అన్నిటికన్నా కష్టమైన చోటు ఇది. కుర్చీకి తక్కువ ధర వస్తే కుర్చీ నాసిరకం అవుతుంది. ఊడ్చే పనికి తక్కువ ధర వస్తే..? చీపురు ధర తగ్గదు, ఫినాయిల్ ధర తగ్గదు. తగ్గేది మనిషి జీతమే. టెండర్లో అందరికన్నా తక్కువ కోట్ చేసిన ఏజెన్సీ ఆ తక్కువని పీఎఫ్‌లోంచో, ఈఎస్‌ఐలోంచో, సెలవురోజు కూలీలోంచో లాగుతుంది. తెల్లవారుజామున ఐదింటికి వచ్చి బాత్రూములు కడిగే అమ్మకి ఆ సంగతి ఒంట్లో బాగోక ఆసుపత్రికి వెళ్లిన రోజు తెలుస్తుంది.

దీనికీ మందు ఇండెంట్లోనే ఉంది. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ.. వీటిని అందరికీ ఒకే స్థిరమైన మొత్తంగా ముందే రాసేసి, ఏజెన్సీలు తమ నిర్వహణ ఖర్చు మీద మాత్రమే పోటీ పడేలా టెండరు పిలవొచ్చు. జీతం బ్యాంకు ఖాతాలో పడినట్లు, పీఎఫ్ కట్టినట్లు రుజువు చూపిస్తేనే వచ్చేనెల బిల్లు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే ఇవ్వాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచీ ఉంది. అంటే ఇది దయ కాదు, బాధ్యత.

పాతదాన్ని ఏం చేస్తారు?

ప్రతి వర్సిటీలోనూ ఒక తాళం వేసిన గది ఉంటుంది. లోపల విరిగిన కుర్చీలు, పాత మానిటర్లు, చిక్కుపడ్డ వైర్లు. కొన్నప్పుడు ఆలోచించనిది పారేసేటప్పుడు గుదిబండ అవుతుంది. కంప్యూటర్లలో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి. పాత సామాను వాడికి తూకానికి అమ్మేస్తే ఎక్కడో గల్లీలో వైర్లు కాల్చి రాగి తీస్తారు. ఆ పొగ పీల్చేది పిల్లలు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్దయెత్తున వాడే సంస్థలు వీటిని నమోదైన వాళ్లకే అప్పగించాలి. కొనే రోజే ‘ఐదేళ్ల వారంటీ, విడిభాగాలు దొరకాలి, వాడకం అయ్యాక మీరే వెనక్కి తీసుకోవాలి’ అని రాసుకుంటే ఆ గదికి తాళమే అక్కర్లేదు.

విదేశాల్లో పిల్లలే అడిగారు

మన ఇళ్లల్లోంచి అమెరికా, బ్రిటన్ వర్సిటీలకు వెళ్లిన పిల్లలు ఫోన్లో చెప్పే విశేషాల్లో ఇదొకటి.. ‘ఇక్కడ అందరూ సీసా వెంట తెచ్చుకుని కుళాయి దగ్గర నింపుకుంటారు’. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ 2009లోనే క్యాంపస్‌లో నీళ్ల సీసాల అమ్మకం ఆపేసింది. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ 2003లో ప్రపంచంలోనే తొలి ‘ఫెయిర్‌ట్రేడ్’ వర్సిటీ అయింది. అంటే క్యాంపస్‌లో దొరికే కాఫీ, టీ లాంటివి రైతుకి న్యాయమైన ధర ఇచ్చి కొన్నవై ఉండేలా చూస్తామని మాటిచ్చింది.

అమెరికాలో ఇంకో కథ. అక్కడ వర్సిటీ పేరు రాసిన టీషర్టులకి భలే గిరాకీ. అవి ఏ దేశంలో, ఎలాంటి ఫ్యాక్టరీల్లో కుడుతున్నారని 1990ల చివర్లో విద్యార్థులు నిలదీశారు. ఆ ఒత్తిడితోనే 2000లో వర్కర్ రైట్స్ కన్సార్టియం అనే సంస్థ పుట్టింది. వర్సిటీల పేరుతో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలను అది తనిఖీ చేస్తుంది. చౌక చొక్కా వెనక ఏముంటుందో 2013లో బంగ్లాదేశ్‌లోని రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు ప్రపంచమంతా చూసింది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ప్రభుత్వ కొనుగోళ్ల సంగతి కూడా చేర్చారు. విశేషమేంటంటే ఈ మార్పుల్లో చాలావాటికి మొదటి ప్రశ్న వేసింది వీసీలు కాదు, విద్యార్థులు!

అనుమానాలూ ఉన్నాయి

‘స్థానికం, పర్యావరణం అంటూ తమవాళ్లకే కట్టబెట్టుకుంటే?’ అని మీరు అడగొచ్చు. సరైన అనుమానమే. ఎల్-1 పుట్టిందే ఆ భయంలోంచి. అందుకే లక్షణాలన్నీ కొలవగలిగేవై ఉండాలి. ‘నాణ్యమైనది’ అని రాస్తే కమిటీ ఇష్టం. ‘30 వాట్లు, ఐదేళ్ల వారంటీ, హ్యాండ్లూమ్ మార్కు’ అని రాస్తే ఎవరైనా సరిచూడొచ్చు. టెండరు తెరవకముందే అవి అందరికీ తెలియాలి. ఎవరికి ఎందుకు వచ్చిందో తర్వాత వెబ్‌సైట్లో పెట్టాలి.

‘జీతాలకే డబ్బుల్లేవు, ఇవన్నీ ఎక్కడ?’ అన్నది ఇంకో మాట. అదీ నిజమే. అందుకే మొదట ఫ్యాన్లతో, లైట్లతో మొదలుపెట్టాలి. అవి తమ డబ్బు తామే తిరిగి తెచ్చుకుంటాయి. ఆ మిగులుతో మిగతావి. అన్నిటికన్నా చవకైనది మరొకటుంది.. అసలు కొనకపోవడం! ఒక విభాగంలో మూలపడ్డ ప్రొజెక్టర్ పక్క విభాగానికి కావాలని తెలిస్తే కొత్తది కొనక్కర్లేదు. కాగితానికి రెండువైపులా ప్రింట్ తీస్తే రీముల ఖర్చు సగానికి దిగుతుంది.

ఇండెంట్ పెట్టేముందు ఐదు ప్రశ్నలు

* ఇది నిజంగా కావాలా? క్యాంపస్‌లో ఎక్కడైనా వాడకుండా పడి ఉందా?
* కొన్న ధరకి కరెంటు, మరమ్మతు, పారేసే ఖర్చు కలిపితే మొత్తం ఎంత?
* ఎవరు తయారుచేశారు? వాళ్లకి న్యాయమైన కూలి అందిందా?
* ఇదే వస్తువు వంద కిలోమీటర్లలోపు సహకార సంఘమో, మహిళా సంఘమో, రైతు సంఘమో ఇవ్వగలదా?
* వాడకం అయ్యాక ఎక్కడికి పోతుంది? బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తాం?

మళ్లీ నందికొండ దగ్గరికే వద్దాం. ఆనకట్ట నీళ్ల కింద మునిగిన లోయలో పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. కొండ చుట్టూ బౌద్ధవిహారాలు. సింహళం నుంచి వచ్చిన భిక్షువులకీ ఇక్కడ ఒక విహారం ఉండేది. ఆ కట్టడాలకి దూరం నుంచి చలువరాయి తేలేదు. ఈ నేలలో దొరికే సున్నపురాయినే చెక్కారు. అక్కడ దొరికిన శాసనాల్లో ‘అక్షయనీవి’ అనే మాట కనిపిస్తుంది. అంటే ఎన్నటికీ తరగని నిధి. ఆ సొమ్ముని స్థానిక వృత్తులవాళ్ల సంఘాల దగ్గర, అంటే శ్రేణుల దగ్గర ఉంచేవారు. దాని మీద వచ్చేదాంతో గుడి పోషణ సాగేది. అటు సంఘాల చేతిలో పెట్టుబడి ఆడేది, ఇటు గుడికి దీపం వెలిగేది.

నాటి శ్రేణుల స్థానంలో ఇవాళ నేతసంఘాలు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు ఉన్నాయి. వర్సిటీ దగ్గర ఏటా ఖర్చయ్యే డబ్బు ఉంది. రెండిటినీ కలిపేది పెద్ద జీవో ఏమీ కాదు, ఇండెంట్ కాగితం మీద రాసే నాలుగు వాక్యాలు. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో స్నాతకోత్సవానికి రమ్మని పిలిస్తే తప్పకుండా వెళ్లండి. పట్టా చూసి మురిసిపోండి. ఆ తర్వాత భుజం మీది బట్టని ఒకసారి చేత్తో తడిమి అడగండి.. ‘ఇది ఎక్కడ నేశారమ్మా?’ అని.